చదివింది, మిగిలింది

మార్చి 2, సోమవారం

కొత్త నోటుబుక్కు. పిన్ని కొలతలు రాసుకోవడానికి తెచ్చుకున్న వాటిలోంచి ఒకటి కొట్టేశాను. మొదటి పేజీలో ఎవరిదో నడుము కొలత ఉంది, ముప్పై నాలుగు. చింపలేదు.

మేనేజరు పొద్దున్నే పిలిచాడు. కుట్టుమిషన్ల రిపేరు పుస్తకాలు రెండువందల పన్నెండింటినీ కొత్త పద్ధతిలోకి మార్చాలట. నెలాఖరు గడువు.

"మధ్యమధ్యలో మీవాళ్ళు ఏవో రిమార్కులు రాసుకున్నారు చూడండి, అవన్నీ తీసేయండి. పుస్తకం శుభ్రంగా ఉండాలి. మార్చిన ప్రతిదాన్నీ పాతదానితో కలిపి, రాసిన మెకానిక్కుకి పంపి సరే అనిపించుకోండి. ఒకటో తారీఖున పాత ఫైళ్ళు చెరిపేస్తారు."

మీవాళ్ళు అంటే పెద్ద గుంపేం కాదు. కింద వర్క్‌షాపులో మిషన్లు విప్పి, విప్పింది విప్పినట్టు రాసే మెకానిక్కు ఒకడు. మేడ మీద కూర్చుని అది సరిచూసే నేను. రెండువందల పన్నెండూ అతను రాసినవే. ఇక్కడుండగా నూటడెబ్బై, రెండో బ్రాంచికి వెళ్ళిపోయాక నలభై రెండు.

నాకేం బాధ లేదు. పని పనే.

మార్చి 3, మంగళవారం

పని ఏమిటో నాకు నేనే చెప్పుకుంటే గానీ బుర్రకెక్కదు. అందుకని రాసుకుంటున్నాను.

మా ఫైళ్ళలో మూడు రకాల బ్రాకెట్లు. మీసాల బ్రాకెట్లో మిషన్ భాగం, దాని లోపల ఇంకో మీసాల బ్రాకెట్లో ఆ భాగంలోని భాగం. షటిల్ లోపల బాబిన్ కేసు, కేసు లోపల బాబిన్, ఆ పక్కన ఆవగింజంత స్క్రూ. చదరపు బ్రాకెట్లో విప్పే వరస. గుండ్రటి బ్రాకెట్లో రిమార్కు, అంటే పుస్తకం చదివేవాళ్ళకి కాకుండా మేమిద్దరం ఒకరికొకరు రాసుకునేది. అతను రిమార్కు రాస్తే, దాని లోపలే నేను ఇంకో బ్రాకెట్ తెరిచి జవాబు రాసేదాన్ని. దానికి అతని జవాబు నా బ్రాకెట్ లోపల. మొదటి నెలంతా ఏ స్క్రూ ఎటు తిప్పాలన్న గొడవే. తర్వాతే పాడైపోయాం.

ఇదంతా చదివి ముక్కలు విడదీసే పార్సర్ ఇప్పుడు ఫంక్షనల్ లాంగ్వేజ్‌లో రాయాలట. నాకు రాదు. పక్క సీటు కొత్తమ్మాయికి వచ్చు.

"అక్కా, ఇందులో ఒకసారి పేరు పెట్టినదాని విలువ ఇక మారదు. ఫంక్షన్ ఇచ్చింది తీసుకుంటుంది, ఇవ్వాల్సింది ఇస్తుంది. మధ్యలో ఇంకెవరి జోలికీ పోదు" అంది.

"అలాంటి మనిషెవడైనా ఉంటే చెప్పవే, మా పిన్ని పెళ్ళి పోరు మాని నన్ను వదిలేస్తుంది" అన్నాను.

నవ్వింది. నేనూ నవ్వాను.

మార్చి 5, గురువారం

కిటుకు అర్థమైంది. ఇందులో ఏ చిన్న పార్సర్ అయినా రెండు తిరిగిస్తుంది. చదివింది ఒకటి, మిగిలింది ఒకటి. మిగిలినదాన్ని తర్వాతిది అందుకుంటుంది. ఏదీ పారబోయదు.

రిమార్కులు చదివేదాన్ని మధ్యాహ్నానికి రాశాను. తెరిచే బ్రాకెట్ కనబడితే లోపలికి వెళుతుంది. లోపల ఇంకోటి తెరిచి ఉంటే తనను తానే మళ్ళీ పిలుచుకుంటుంది. లోపలిది మూసుకున్నాక బయటికొచ్చి, తను ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి మళ్ళీ అందుకుంటుంది. పది పొరలున్నా దారి తప్పదు. ఆరు వరసల్లో ఇంత పని. నా పాత ప్రోగ్రాములు చూసుకుంటే సిగ్గేసింది.

మొదటి ఫైలు చేతిమిషన్‌ది. అందులోంచి ఇది బయటపడింది:

(పిడి బాగా అరిగింది, ఎవరో ముప్పై ఏళ్ళు తిప్పి ఉంటారు (ఎడమచేతి వాటం మనిషి, ఫొటోలో అరుగుదల అటువైపే ఉంది (మేడ మీద కూర్చుని ఇన్ని కనిపెడతారా (కింద కూర్చుని అంత నూనె ఒలకబోసుకునేవాళ్ళకి కనబడవు లెండి))))

ఆ రోజు నుంచి నేను మేడమీదావిడని, అతను నూనెబుడ్డి. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నూనెబుడ్డి ఉండేది. జేబు అడుగున గుండ్రటి మరక. ఎన్ని చొక్కాలు మార్చినా మరక మాత్రం అదే చోట.

పని కాబట్టి చదివాను.

మార్చి 8, ఆదివారం

పిన్ని మిషన్ కీచుమంటోంది. అమ్మ పోయినప్పటి నుంచి నేనూ పిన్నీ ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆవిడ కుట్టుపని ముందుగదిలో. ఇల్లంతా దారప్పోగులే.

"దానికి నూనె తాగించి మూడేళ్ళయిందే. ఎవరినైనా పిలవవే."

"పిలుద్దాంలే పిన్నీ."

"నీ పిలుద్దాంలే వింటూనే నా జుట్టు నెరిసింది. ఆ అబ్బాయి ఊళ్ళో లేకపోతే ప్రపంచంలో మెకానిక్కులే గొడ్డుపోయారా?"

నేను టీవీ సౌండ్ పెంచాను.

అతను ఒక్కసారే ఇంటికొచ్చాడు, ఈ మిషన్ బాగుచెయ్యడానికి. పిన్ని కాఫీ ఇస్తే చేతులకు నూనె ఉందని గ్లాసుని కర్చీఫ్‌తో పట్టుకుని తాగాడు. వెళ్ళేముందు టెన్షన్ స్క్రూ పక్కన సుద్దతో చిన్న గీత పెట్టి, "ఇక్కడిదాకానే తిప్పండి పిన్నిగారూ, ఇంకా బిగిస్తే దారం తెగుతుంది" అన్నాడు. పిన్నిగారూ అన్నాడు. నా వరసే కలిపేశాడు, అది గమనించాడో లేదో.

మిషన్ తుడిచేటప్పుడు ఆ గీత చుట్టూ తుడుస్తాను. చెరిగిపోతోందని రెండుసార్లు నేనే మళ్ళీ గీశాను. అది లెక్కలోకి రాదు.

మార్చి 10, మంగళవారం

తొంభై నాలుగు ఫైళ్ళు అయ్యాయి, రిమార్కులు ఇంకా తీయకుండానే. ఆఫీసు పేరుతో పంపుతున్నాను, నా పేరు ఎక్కడా పెట్టకుండా. తొంభై నాలుగూ తిరిగొచ్చాయి. ఒక్కోదాని కింద ఒకే మాట, "సరే". తొంభై నాలుగు సరేలు.

అంతకంటే ఏం రాస్తాడు? నేనే అక్కడ ఉంటే ఏం రాసేదాన్ని?

మార్చి 11

రిమార్కులు తీసేసే ఫంక్షన్ ఈరోజు రాయాలి.

మార్చి 12

రాయలేదు. తలనొప్పి.

మార్చి 13, శుక్రవారం

మేనేజరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. రాశాను. రెండు వరసలే. చదివిన ముక్కల్లో రిమార్కు అయితే వదిలెయ్, కాకపోతే ఉంచు. మీట నొక్కితే చేతిమిషన్ పుస్తకం శుభ్రంగా వచ్చింది. పిడి, షటిల్, సూది, బిగింపులు. ఎడమచేతి వాటం మనిషి లేదు. నూనె ఒలకలేదు.

"చూశారా, ఎంత నీట్‌గా ఉందో!" అన్నాడు మేనేజరు.

అవునండీ అన్నాను.

పోతే, ఆ బ్రాంచి నుంచి వచ్చిన నలభై రెండూ ఈరోజు పార్సర్‌కి ఇచ్చాను. ఒక్క గుండ్రటి బ్రాకెట్టూ లేదు. మూడేళ్ళ పనిలో ఒక్కటంటే ఒక్కటి. అక్కడ మేడ మీద ఎవరూ లేరేమో. లేక మాట్లాడే అలవాటు పోయిందేమో. నాకెందుకు?

మార్చి 16, సోమవారం

సరిగ్గా మూడేళ్ళు. తారీఖు గుర్తుపెట్టుకోవాలని పెట్టుకోలేదు, అదే గుర్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం అతను మెట్లెక్కి పైకొచ్చాడు. నాలుగేళ్ళలో మూడోసారో నాలుగోసారో. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో నూనెబుడ్డి లేదు. జేబు ఖాళీగా ఉంటే అతనిలా లేడు.

"అన్నీ చదివారా?" అన్నాడు.

"చదివాను. అన్నీ బాగానే ఉన్నాయి. మార్చాల్సిందేం లేదు" అన్నాను.

కాసేపు నా బల్ల మీది కాగితాల వంక చూశాడు. "సరే మరి" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళాడు. సాయంత్రం బస్సు.

నాలుగేళ్ళ కబుర్ల తర్వాత, ఊరొదిలి వెళ్ళేవాడు, వచ్చి ఫైళ్ళ సంగతి అడిగాడు! అదే నా కోపం. ఒక్క మాట అంటే ఏం పోయింది? నేను ఉండమనేదాన్నేమో. అనేదాన్నేమో కాదు, అనేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అతను అడగలేదు, నేను పెట్టలేదు. ఇద్దరం సమానం. అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు ముప్పై ఎనిమిది నాకు. ఈ రోజుకి చాలు.

మార్చి 18, బుధవారం

రెండువందల పదకొండు అయిపోయాయి. చివరిది జిగ్‌జాగ్ మిషన్ పుస్తకం. దాని దగ్గర పార్సర్ మొరాయించింది. "మూసే బ్రాకెట్ కోసం చూస్తుంటే ఫైలు అయిపోయింది" అంటుంది. ఎక్కడ మూయలేదో చెప్పదు. తొమ్మిది వందల వరసల ఫైలు, మా చివరి రిమార్కు ఉన్న ఒక్క వరస మాత్రం చూడకుండా దాటేసి, మొదటి నుంచి చివరి దాకా కళ్ళు కాయలు కాసేలా వెతికాను.

అతను తెరిచింది మూయకుండా వదిలే రకం కాదు. విప్పిన స్క్రూలు గిన్నెలో లెక్కపెట్టి వేసుకుని, బిగించాక గిన్నె బోర్లించి చూసే మనిషి. వెళ్ళే హడావిడిలో తప్పు చేశాడన్న మాట. ఆ మాత్రం సంతోషం కలిగింది నాకు, నిజం చెప్పొద్దూ.

ఆఫీసు పాత ప్రోగ్రాం ఇలాంటివి పట్టుకునేది కాదు. ఫైలు అయిపోతే తనే మూసేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకునేది.

కొత్తమ్మాయి అంది: "తెరిచినప్పుడే వరస నంబరు చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళేలా రాయి అక్కా. అప్పుడు ఎక్కడ తెరిచిందో అదే చెబుతుంది."

రేపు.

మార్చి 19, గురువారం

చెప్పింది. "412వ వరసలో తెరిచిన గుండ్రటి బ్రాకెట్ మూసుకోలేదు."

412వ వరస నాకు తెలుసు. అది మా చివరి రిమార్కు. దాన్ని కంఠతా చెప్పగలను. అతను వర్క్‌షాపు ఎత్తేస్తున్నారని రాశాడు, నేను వెళ్ళండి అని రాశాను. అక్కడితో ఆఖరు. అందులో మూయనిది ఏముంటుంది?

ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను. ఒకటో తారీఖున చెరిపేస్తారు కదా.

(వర్క్‌షాపు ఎత్తేస్తున్నారట. నన్ను రెండో బ్రాంచికి వెళ్ళమంటున్నారు, బస్సులో ఎనిమిది గంటలు. ఏం చెయ్యమంటారు (వెళ్ళండి, జీతం పెరుగుతుంది, నూనె ఒలికినా అడిగేవాళ్ళుండరు) ఇది మీ జవాబుకి జవాబు కాదు, నేను మొదలుపెట్టిన మాటకే మిగతాది. జీతం సంగతి నేను అడగలేదు. మీరు ఉండమంటే ఉంటాను. ఇక్కడే చిన్న షాపు పెట్టుకుంటాను, మిషన్లు ఎక్కడైనా పాడవుతాయి. ఎదురుగా అడగటానికి నాకు నోరు రాదు. పదిహేనో తారీఖు దాకా చూస్తాను. ఈ బ్రాకెట్ నేను మూయటం లేదు. నీ జవాబు రాసి నువ్వే ముయ్యి

అంతే. ఆ తర్వాత 413వ వరస, ప్రెసర్ ఫుట్ విప్పే విధానం.

చివర నువ్వు అన్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి. చివరిసారి కూడా.

నేను ఇది చూడలేదు. ఎప్పుడూ చూడలేదు.

ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలుసు. రోజూ పొద్దున్న నేను ఫైళ్ళు తెరిచి చదివేదాన్ని కాదు. రిమార్కులు మాత్రం ఏరి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి, అయిదు నిమిషాల్లో నేనే రాసుకున్నాను. తెరిచే బ్రాకెట్ నుంచి మొదట కనబడిన మూసే బ్రాకెట్ దాకా తీసి చూపించు, అని. అన్నేళ్ళూ బాగానే పనిచేసింది, ఎందుకంటే మేమెప్పుడూ లోపలికే వెళ్ళేవాళ్ళం. జవాబు లోపల జవాబు, దాని లోపల జవాబు. మూయడాలన్నీ చివర్లోనే. ఈ ఒక్కసారే అతను నా జవాబు అయిపోయాక, దాని బయటికొచ్చి, తన మాట మళ్ళీ అందుకున్నాడు. నా ప్రోగ్రాం నా జవాబు దగ్గరే ఆగిపోయింది. మూసే బ్రాకెట్ దొరికింది కదా, ఇంక చాలనుకుంది.

నా మాట నాకే చూపించి ఊరుకుంది. రోజూ పొద్దున్న నేను చూసింది అదే. వెళ్ళండి, జీతం పెరుగుతుంది. ఇంకేమీ రాయలేదే అని రోజూ ఉడుక్కున్నాను. పదిహేనో తారీఖు దాకా రోజూ చూశాను. అవతల అతనూ రోజూ చూశాడు.

పదహారున మెట్లెక్కి వచ్చి అన్నీ చదివారా అన్నాడు. చదివాను, మార్చాల్సిందేం లేదు అన్నాను.

బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. కొత్తమ్మాయి తలుపు తట్టి, "అక్కా, ఎర్రర్ ఇంకా పోలేదా?" అంది.

మార్చి 20

జీతం పెరుగుతుంది అని రాశాను.

మార్చి 22, ఆదివారం

పిన్నికి చెప్పాను. బ్రాకెట్ల సంగతి విడమరచి చెప్పేసరికి అరగంట పట్టింది. ఆవిడ చేతులు కుట్టు మీదే ఉన్నాయి, చెవులు నా మీద.

"అంటే, ఆ పిల్లాడు ఉత్తరం రాశాడు. నువ్వు సగం చించి చదివావు."

"చించలేదు పిన్నీ. మిగతాది ఉందని తెలియలేదు."

"రెండూ ఒకటే. ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చెయ్యను? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంటుంది. మూడేళ్ళు పిన్నీ. పెళ్ళయిపోయి ఉంటుంది. పిల్లాడు కూడా ఉండి ఉంటాడు."

"అయితే ఇంకా మంచిది. నీ జవాబు చదువుకుని, పోనీలే పాపం అనుకుంటాడు. నీకు పోయేదేముంది? పరువా? ఆ పరువుతోనేగా జీతం సంగతి రాసి ఏడ్చావు."

నాకు కోపమొచ్చింది. ఆవిడ దారం పళ్ళతో కొరికి నా వంక చూసింది.

"మీ బాబాయి నన్ను చూడటానికొచ్చినప్పుడు, నచ్చాడా అని మీ అమ్మ అడిగితే, నాకేం తెలుసు అన్నానే. వాళ్ళు నచ్చలేదనుకుని లేచి చెప్పులేసుకున్నారు. పరిగెత్తుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. సిగ్గుపడితే పద్దెనిమిదేళ్ళ కాపురం పోయేది. రాయి. ముందు రాయి. ఏడవాల్సి వస్తే తర్వాత ఇద్దరం కలిసి ఏడుద్దాం."

మార్చి 23, సోమవారం

పొద్దున్నించీ రాసి చెరిపాను. ఒకటి మరీ పొడుగు, ఒకటి మరీ పంతులమ్మలా. చివరికి 412వ వరసలో, అతను ఆపిన చోట, ఇది మిగిలింది:

(నీ మాట నాకు ఇన్నాళ్ళూ చేరలేదు. నేను రాసుకున్న చెత్త ప్రోగ్రాం నా జవాబు దగ్గరే ఆగిపోయేది. మొన్న పందొమ్మిదిన చదివాను. ఆ రోజు చదివాను అన్నది ఫైళ్ళ గురించి. ఇప్పుడు అడిగే హక్కు నాకు లేదు. కానీ ఉండిపో అనేదాన్ని. అదే నా జవాబు))

ఒకటి నాది మూశాను. రెండోది అతనిది, ముయ్యమన్నాడు కాబట్టి మూశాను. ఆ రెండో బ్రాకెట్ పెట్టడానికి చాలాసేపు పట్టింది. అది పెడితే అయిపోతుంది కదా.

పార్సర్‌కి ఇచ్చాను. ఎర్రర్ లేదు. చదివింది, మొత్తం. మిగిలింది, ఏమీ లేదు.

పాతదీ కొత్తదీ కలిపి పంపించేశాను. ఈసారి కింద ఆఫీసు పేరు కాదు, మేడమీదావిడ అని పెట్టాను.

మార్చి 24

రాలేదు. మామూలుగా ఒక రోజులో వచ్చేస్తాయి.

మార్చి 25

దానితో కలిపి పంపిన మిగతా పదిహేడూ వచ్చాయి. సరే, సరే, సరే. జిగ్‌జాగ్ రాలేదు.

ఫైలు ఒకవేళ అక్కడ ఇంకెవరైనా చూస్తున్నారేమో. గుమాస్తా ఎవరైనా చదివి ఉంటే! తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను రోజంతా.

మార్చి 27, శుక్రవారం

రాలేదు. రాకపోవడమే జవాబు కావచ్చు. నేను మూడేళ్ళు ఇచ్చిన జవాబు అదే కదా, తీసుకోవడమూ నేర్చుకోవాలి.

పిన్ని ఏమీ అడగటం లేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నాలుగు రోజులుగా నోరు కట్టుకుని ఉంది. అదే భయంగా ఉంది.

మార్చి 29, ఆదివారం

అతని గురించి నాకు తెలిసినవి లెక్కపెట్టాను. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడతాడు. అన్ని మిషన్లనీ "ఇది" అనడు, "ఈవిడ" అంటాడు. ఇవన్నీ రిమార్కుల్లో చదివినవి కావు, మెట్ల మలుపులోంచి చూసినవి. రోజుకి ఎన్నిసార్లు మంచినీళ్ళకని కిందికి దిగేదాన్నో. మేడ మీద కూడా మంచినీళ్ళున్నాయి.

నాకేం బాధ లేదని ఈ పుస్తకంలో మొదటి రోజు రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను. నవ్వొచ్చింది. ఉంది. చాలా ఉంది. అతను కావాలి నాకు. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది.

మార్చి 30, సోమవారం

పదకొండున్నరకి వచ్చింది.

కింద "సరే" లేదు. ఏమీ లేదు. ఖాళీ. ఫైలు తెరవడానికి ధైర్యం చాలలేదు. పిరికిదాన్ని కదా, ముందు పార్సర్‌కి ఇచ్చాను. నా రిమార్కు తీసేసి తనది మూసేసినా, ఉన్నదున్నట్టు వదిలేసినా ఎర్రర్ రాదు. తను మళ్ళీ తెరిస్తేనే వస్తుంది.

"412వ వరసలో తెరిచిన గుండ్రటి బ్రాకెట్ మూసుకోలేదు."

ఎర్రర్ చూసి ఇంత సంతోషపడిన మనిషి ఈ ఆఫీసులో ఇంకొకరు ఉండరు. కొత్తమ్మాయి కుర్చీ తిప్పి, "ఏమైందక్కా?" అంది. చెయ్యూపాను.

తెరిచాను. నా జవాబు అక్షరం పోకుండా అలాగే ఉంది. నేను పెట్టిన రెండు మూసే బ్రాకెట్లలో రెండోది, అతనిది, తీసేశాడు. దాని చోట ఇది ఉంది:

వారం రోజులు చదివాను దీన్ని. ఇక్కడ మేడ లేదు, అందుకే ఎవరికీ ఏమీ రాయలేదు. పిన్నిగారి మిషన్ మీద నేను పెట్టిన గీత ఉందా, చెరిగిందా? ఆదివారం పొద్దున బస్సుకి వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఇది ముయ్యకు

మార్చి 31, మంగళవారం

మేనేజరు లెక్క చూసుకుని వచ్చాడు.

"రెండువందల పదకొండే ఉన్నాయేంటండీ? గడువు ఈరోజు కదా. మీరెప్పుడూ ఇలా చెయ్యరే!"

"ఒకటి ఆగిందండి. జిగ్‌జాగ్‌ది."

"ఏం, ఎర్రరా?"

"ఎర్రర్ కాదండి. అది ఇంకా అవ్వలేదు."

"ఎప్పటికవుతుంది?"

"ఆదివారం చూసి చెబుతాను."

ఆదివారం ఆఫీసు ఉండదని ఆయనకి గుర్తొచ్చినట్టుంది, నుదురు చిట్లించాడు. కొత్తమ్మాయి కంప్యూటర్ వెనక తల దాచుకుంది. చివరికి, "సరే, ఆ ఒక్క పాత ఫైలూ చెరపొద్దని చెబుతాను. మళ్ళీ ఇలా పెట్టకండి" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్ని మిషన్ ముందు చతికిలబడి ఉంది. చేతిలో కొత్త నూనె సీసా. విసిగిపోయి తనే కొనుక్కొచ్చుకుంది. మూత తీసి, ఏ రంధ్రంలో పొయ్యాలా అని కళ్ళద్దాలు పైకీ కిందికీ చేస్తోంది. పక్కన సుద్దగీత. రెండుసార్లు నేను దిద్దిన గీత.

ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుని మూత పెట్టేశాను.

"వద్దు పిన్నీ" అన్నాను. "ఆదివారం దాకా దాన్ని కీచుమననీ."